చందా కట్టినవాడికి ఏం హక్కు?

పత్రిక వెనక్కి వచ్చింది. పోస్టులో రాలేదు, మనిషే తెచ్చి ఇచ్చాడు. అప్పట్లో నేను ఒక చిన్న మాసపత్రికకి చందాలు వసూలు చేసేవాణ్ణి. సంచీలో రసీదు పుస్తకం, కార్బన్ పేపరు పెట్టుకుని తిరగడం, సాయంత్రాలు కూర్చుని అడ్రసులు రాయడం, స్టాంపులు అంటించడం, అన్నీ మేం నలుగురైదుగురమే. ఉద్యమాల్లోంచి పుట్టిన పత్రిక, ప్రకటనలు వెయ్యం అని గర్వంగా చెప్పుకునేవాళ్లం. ఆ సంచిక వెనక్కి తెచ్చినాయన శాశ్వత చందాదారు. అడక్కుండానే ఇచ్చేవాడు, ఇంకో పదిమంది చేత ఇప్పించేవాడు. ఆ నెల ఒక సంఘం తన సభ్యులకి లెక్కలు చూపించడం లేదని ఒక వ్యాసం వేశాం. ఆ సంఘం ఆయనది. సంచిక నా చేతిలో పెట్టి "మా డబ్బుతో నడుస్తూ మమ్మల్నే అంటారా?" అన్నాడు. అరవలేదు కూడా. అరిస్తే బాగుండేది, నేనూ అరిచి ఆ సంగతి మర్చిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఎవరైనా "పాఠకుల డబ్బుతో నడిచే స్వతంత్ర మీడియా" అనగానే నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఈ మధ్య ఆ మాట మరీ ఎక్కువగా వినిపిస్తోంది. యజమాని చేతిలోంచి, ప్రకటనల చేతిలోంచి, ప్రభుత్వం చేతిలోంచి బయటపడటానికి అదొక్కటే దారని అంటారు. నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ జుట్టు ఒక చేతిలోంచి తప్పించుకుందంటే ఇంకో చేతిలోకి వెళ్లిందేమో కూడా చూడాలి కదా. పాఠకుడు మంచివాడు, ఉద్యమం మంచిది, కాబట్టి వాళ్ల చేతిలో ఉంటే ఫరవాలేదు అనుకోవడం దగ్గరే మనం మోసపోతున్నామని నా అనుమానం. యజమాని ఫోన్ చేసి "ఆ వార్త ఆపు" అంటే కోపం వస్తుంది. మనవాడు అనుకున్న పాఠకుడు మొహం మాడ్చుకుంటే ఎవరూ ఫోన్ చెయ్యకుండానే వార్త ఆగిపోతుంది.

దీని గురించి ఆలోచించినప్పుడల్లా నేను బెర్లిన్‌లో ఉన్న ఒక పత్రిక దగ్గరికి వెళ్తాను. పేరు టాట్స్. పూర్తి పేరు డీ టాగెస్‌ట్సైటుంగ్, అంటే ఉత్త 'దినపత్రిక' అని. పేరు పెట్టడంలో ఇంత బద్ధకం చూపించిన వాళ్లు పత్రిక నడపడంలో మాత్రం 45 ఏళ్లకి పైగా మొండిగా ఉన్నారు. నాకు జర్మన్ రాదు, అనువాదాల మీదే చదువుతాను, కాబట్టి భాషలోని సొగసు సగం పోయే ఉంటుంది. మిగిలిన సగమే నాకు చాలా నేర్పింది.

1977లో పశ్చిమ జర్మనీలో రెడ్ ఆర్మీ ఫ్రాక్షన్ అనే సాయుధ బృందం పరిశ్రమాధిపతుల సంఘం అధ్యక్షుడు హాన్స్ మార్టిన్ ష్లయర్‌ని కిడ్నాప్ చేసి చంపింది. ఆ వారాల్లో ప్రభుత్వం పత్రికల్ని నోరు మూసుకోమని కోరింది, పత్రికలు దాదాపుగా మూసుకున్నాయి. తుపాకుల మీద నమ్మకం లేని, ప్రభుత్వం మీద కూడా నమ్మకం లేని వేలమంది యువతకి అప్పుడు ఊపిరాడలేదు. వాళ్ల మాట ఎక్కడా రాలేదు. అప్పటికే ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1973 నుంచి ఒక చిన్న వార్తాపత్రం నడుస్తోంది, దాని పేరుకి అర్థం 'రాకుండా పోయిన వార్తల్ని వ్యాప్తి చేసే సమాచార సేవ'. (ఈ పేరు చూస్తే నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది, పేరులోనే సంపాదకీయం అయిపోయింది.) 1978 జనవరిలో పశ్చిమ బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో టునిక్స్ అనే పెద్ద సమావేశం జరిగింది. టునిక్స్ అంటే 'ఏమీ చెయ్యకు' అని. ఏమీ చెయ్యకు అనే పేరుతో కూడిన జనం అక్కడ ఒక దినపత్రిక పెట్టాలని మాట్లాడుకున్నారు, ప్రపంచంలో దానికంటే ఎక్కువ చాకిరీ ఉన్న పని ఇంకోటి ఉందా అని నా సందేహం. లాయరు హాన్స్ క్రిస్టియాన్ ష్ట్రోబెలె లాంటి వాళ్లు వెనక నిలబడ్డారు. ఆ ఏడాది సెప్టెంబరులో నమూనా సంచిక వచ్చింది, 1979 ఏప్రిల్ 17 నుంచి రోజూ రావడం మొదలైంది.

ఇందులో నన్ను పట్టేసింది ముందస్తు చందాల సంగతి. ఇంకా పుట్టని పత్రికకి జనం చందా కట్టారు. అనుకున్నన్ని రాలేదు, ఏడు వేల దాకా వచ్చాయి, అయినా మొదలుపెట్టేశారు. ఏ బ్యాంకు మేనేజరైనా ఈ లెక్క చూస్తే దండం పెట్టి పంపించేస్తాడు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది అభిమానులు దాటేస్తారు. చుట్టూ గోడతో తూర్పు జర్మనీ మధ్యలో చిక్కుకున్న పశ్చిమ బెర్లిన్‌లో వ్యాపారం పెట్టేవాళ్లకి ప్రభుత్వం పన్ను రాయితీలు ఇచ్చేది. ఈ పత్రిక ఆ ఊళ్లో పెట్టడానికి అదొక ముఖ్య కారణం. రాజ్యాన్ని రోజూ ఏకిపారేసే పత్రిక, రాజ్యం ఇచ్చిన రాయితీ మీద ఊపిరి పీల్చుకుంది. స్వతంత్రం అనే మాట వాడేటప్పుడు నేను అందుకే కొంచెం జాగ్రత్తగా ఉంటాను.

మొదట్లో అందరికీ ఒకే జీతం. రాసేవాళ్లకీ, అక్షరాలు కూర్చేవాళ్లకీ, లెక్కలు రాసేవాళ్లకీ తేడా లేదు. పెద్ద నిర్ణయాలన్నీ అందరూ కూర్చుని గంటల తరబడి కొట్టుకుని తీసుకునేవాళ్లు. అక్కడ కంపోజర్లు చేసిన పని నాకు అన్నిటికంటే ఇష్టం. వ్యాసం కంపోజ్ చేస్తూ చేస్తూ నచ్చని వాక్యం వస్తే, బ్రాకెట్ తెరిచి, ఇది ఒట్టి మాట, ఎవరు చెప్పారు నీకు, అని తమ వ్యాఖ్య ఇరికించి, కింద 'కంపోజర్' అని సంతకం పెట్టేవాళ్లు. ఆ జర్మన్ మాటని కూడా కావాలని తప్పు స్పెల్లింగుతో రాసేవాళ్లు. పొద్దున పాఠకుడు సీరియస్ విశ్లేషణ చదువుతుంటే మధ్యలో ఒక బ్రాకెట్ లోంచి ఎవరో తల బయటపెట్టి "అబద్ధం!" అనేవాళ్లన్నమాట. రాసినాయనకి ఎంత మండి ఉంటుందో ఊహించుకోండి. అయినా వ్యాసం ఆపలేదు, వాక్యం తీసెయ్యలేదు. మొత్తం కూర్చారు, ఒప్పుకోనని పక్కన రాశారు, అచ్చుకి పంపారు.

ఉద్యమంలోంచి పుట్టిన పత్రిక కదా, లోపల అన్నీ ఆదర్శంగా ఉండి ఉంటాయనుకోకండి. 1980లో అక్కడి ఆడవాళ్లే సమ్మె చేశారు, పత్రికలో సగానికి పైగా స్థానాలు ఆడవాళ్లకి ఉండాలని పట్టుబట్టి సాధించారు. సమానత్వం గురించి రోజూ రాసే మగవాళ్లకి పక్క టేబుల్ దగ్గర ఏం జరుగుతోందో కనపడలేదు. ఇది ఏ దేశంలో చెప్పినా ఎవరికీ ఆశ్చర్యం కలగదనుకుంటాను.

ఉద్యమంతో దగ్గరితనం వల్ల లాభం లేదా అంటే, చాలా ఉంది. 1986లో సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలినప్పుడు యూరప్ అంతా గాభరా. పాలు తాగొచ్చా, పిల్లల్ని ఇసుకలో ఆడనివ్వొచ్చా అని తల్లులు అడుగుతుంటే మంత్రులు ఏమీ ఫరవాలేదని చెబుతున్నారు. టాట్స్‌కి ఆ రోజుల్లో పాఠకులు ఒక్కసారిగా పెరిగారు. ఎందుకంటే అక్కడ రాసేవాళ్లు, వాళ్లకి తెలిసినవాళ్లు అణు విద్యుత్తుకి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు, రియాక్టర్ల గురించి, రేడియేషన్ కొలతల గురించి అప్పటికే చదువుకుని ఉన్నారు. పెద్ద పత్రికలో విలేకరి ఆ రాత్రి కొత్తగా నేర్చుకోవాల్సింది వీళ్లకి పదేళ్లుగా కంఠతా వచ్చు. ఉద్యమకారుడు నిష్పాక్షికంగా ఉండడు అంటారు, సరే, కానీ విషయం తెలిసినవాడు ఎవరు అన్నది కూడా అడగాలి కదా.

అదే దగ్గరితనం ఇంకో రకంగానూ పనిచేసింది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడోర్‌లో ప్రభుత్వంతో పోరాడుతున్న గెరిల్లాల కోసం 1980 నుంచి 1992 దాకా ఈ పత్రిక 'ఎల్ సాల్వడోర్‌కి ఆయుధాలు' అని బాహాటంగా విరాళాలు పోగుచేసింది, మొత్తం 47 లక్షల మార్కులకి (అప్పటి జర్మన్ డబ్బు) పైగా. అక్కడి నియంతృత్వం ఎలాంటిదో తెలుసు కాబట్టి ఇచ్చినవాళ్లని నేను తప్పుపట్టను. కానీ పత్రికగా ఆలోచిస్తే నాకు గొంతులో ముల్లు పడ్డట్టే ఉంటుంది. ఒక చేత్తో గెరిల్లాలకి డబ్బు పోగుచేస్తూ, ఇంకో చేత్తో రేపు అదే గెరిల్లాలు ఒక తప్పు చేస్తే దాన్ని మొదటి పేజీలో రాయడం ఎంతమంది వల్ల అవుతుంది? రాసినా, విరాళం ఇచ్చిన పాఠకుడు ఏమంటాడు? మా డబ్బుతో మా వాళ్లనే అంటారా అంటాడు. నాకు ఆ మాట బాగా తెలుసు.

1989లో గోడ కూలింది, బెర్లిన్ రాయితీలు పోయాయి, పత్రిక మునిగే పరిస్థితి వచ్చింది. 1991లో లోపల పెద్ద గొడవ. ఒక పక్షం పెట్టుబడిదారుణ్ణి తెచ్చుకుందాం అంది, ఇంకో పక్షం పాఠకులతో సహకార సంఘం పెడదాం అంది. రెండోది గెలిచింది, 1992 నుంచి పత్రిక సహకార సంఘం చేతిలోకి వెళ్లింది. ఆ గొడవల్లోనే అందరికీ ఒకే జీతం అనే పద్ధతి కూడా పోయింది, అది వేరే బాధ.

ఆ సంఘం ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెబుతాను, నా వాదన అంతా ఇక్కడే ఉంది. కనీస వాటా 500 యూరోలు, ఒకేసారి కట్టలేకపోతే వాయిదాల్లో కట్టొచ్చు. లక్ష పెట్టినవాడికైనా ఓటు ఒక్కటే. సభ్యులు ఇప్పుడు 20 వేలకు పైగా ఉన్నారు. వాళ్లకి ఏటా సర్వసభ్య సమావేశం, లెక్కలు చూసే హక్కు, అడిగే హక్కు, తిట్టే హక్కు అన్నీ ఉన్నాయి. రేపటి పత్రికలో ఏం రావాలో చెప్పే హక్కు మాత్రం లేదు. అది సంపాదకవర్గం పని. లాభం పంచుకుందామని ఎవరూ వాటా కొనరు, ఎందుకంటే పంచుకోవడానికి ఏమీ ఉండదు. అంటే మనిషి డబ్బు పెడతాడు, లాభం రాదు, మాట కూడా నెగ్గదు. ఇలాంటి బేరానికి ఒప్పుకున్న 20 వేలమంది దొరికారన్నది నాకు ఆ పత్రికలో వచ్చిన ఏ వార్త కంటే పెద్ద వార్త.

ధరల సంగతి కూడా బాగుంటుంది. చందాకి మూడు రేట్లు. తక్కువ ఆదాయం వాళ్లకి తగ్గింపు ధర, మామూలు ధర, మూడోది 'రాజకీయ ధర', అంటే కలిగినవాళ్లు ఎక్కువ కట్టి లేనివాళ్ల భారం మోసేది. ఏది కట్టాలో మీరే ఎంచుకోవాలి, జీతం చీటీ అడగరు. వెబ్‌సైటు అందరికీ తెరిచే ఉంటుంది, ఇష్టమైతే కట్టండి అని 2011 నుంచి అడుగుతున్నారు, అలా కట్టేవాళ్లు 30 వేలు దాటారు. డబ్బులు కట్టనివాడికి తలుపు మూసేసి, కట్టినవాడికి 'ప్రత్యేక సభ్యుడు' అని బిళ్ల ఇచ్చే పద్ధతికీ దీనికీ చాలా తేడా ఉంది. అక్కడ మీరు ఒక వస్తువు కొంటున్నారు కాబట్టి మీకు నచ్చేలా ఉండాలి. ఇక్కడ మీరు ఇచ్చిన డబ్బుతో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు చదువుతున్నాడు, కాబట్టి మీకు నచ్చకపోయినా ఫిర్యాదు చెయ్యడానికి మొహం చెల్లదు. మొహమాటం మీద నడిచే ఆర్థిక విధానం అని నేను దానికి పేరు పెట్టుకున్నాను.

పక్క దేశాల్లో ఏమైందో రెండు మాటల్లో. పారిస్‌లో లిబెరాసియోన్ 1973లో తత్వవేత్త సార్త్ర్ లాంటివాళ్ల అండతో ఇలాగే పుట్టింది, ప్రకటనలు లేవు, అందరికీ ఒకటే జీతం. 1982లో ప్రకటనలు వచ్చాయి, 2005లో బ్యాంకరు ఎడ్వార్ ద రోత్‌షీల్డ్ పెట్టుబడి వచ్చింది, 2014లో టెలికాం వ్యాపారి పాట్రిక్ ద్రాహీ చేతికి వెళ్లింది. ఇప్పటికీ మంచి పత్రికే, కాదనను. రోమ్‌లో ఇల్ మానిఫెస్టో 1971 నుంచి దినపత్రిక. 2012లో పాత సంఘం దివాలా తీస్తే, సిబ్బంది కొత్త సహకార సంఘం పెట్టుకుని, పాఠకుల దగ్గర డబ్బు పోగుచేసి 2016లో తమ పత్రిక పేరుని తామే తిరిగి కొనుక్కున్నారు. సొంత పేరుని కొనుక్కోవాల్సి రావడం చూడండి!

ఇక టాట్స్ తన పాఠకుల మాట కాదన్న సందర్భాలు. 1998లో గ్రీన్ పార్టీ జర్మనీలో అధికారంలో భాగమైంది. ఈ పత్రికా ఆ పార్టీ ఒకే ఉద్యమాల కడుపున పుట్టినవాళ్లు, వయసు కూడా దాదాపు ఒకటే. మరుసటి ఏడు కొసావో యుద్ధంలో నాటో దాడుల్లో జర్మన్ యుద్ధ విమానాలు కూడా పాల్గొన్నాయి, విదేశాంగ మంత్రి గ్రీన్ పార్టీ నాయకుడు యోష్కా ఫిషర్. బీలెఫెల్డ్‌లో పార్టీ మహాసభలో ఎవరో విసిరిన ఎర్రరంగు సంచి తగిలి ఆయన కర్ణభేరి చిరిగింది. అంత కోపంగా ఉంది శాంతి ఉద్యమం. పత్రిక పేజీల్లో మాత్రం యుద్ధాన్ని సమర్థించిన వాదనా వచ్చింది, ఛీ కొట్టిన వాదనా వచ్చింది. ఆ రోజుల్లో చందా మానేసినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒకే గొంతు వినిపించి ఉంటే అది ఉద్యమపు కరపత్రం అయ్యేది, రోజూ డబ్బు పెట్టి కొనాల్సిన అవసరం ఏముంది, గోడ మీద అంటిస్తే చాలు.

వీళ్ల శత్రువుల కథ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. జర్మనీలో బాగా అమ్ముడయ్యే బిల్డ్ అనే టాబ్లాయిడ్ ఉంది, ష్ప్రింగర్ సంస్థది. 1968లో విద్యార్థి నాయకుడు రూడీ డుచ్కెని ఒకడు కాల్చినప్పుడు, ఆ విషం ఎక్కించింది ష్ప్రింగర్ పత్రికలేనని విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. టాట్స్ పట్టుబట్టి అప్పట్లో తన ఆఫీసు ఉన్న వీధికి డుచ్కె పేరు పెట్టించింది, 2008లో. అది వెళ్లి ష్ప్రింగర్ పేరున్న వీధిని కలుస్తుంది, ఆ కూడలిలో ష్ప్రింగర్ వీధిలోంచి వచ్చే బండ్లు ఆగి డుచ్కె వీధికి దారి ఇవ్వాలి. 2003లో ఒకరోజు పత్రిక మొత్తాన్ని శత్రువుల చేతికే ఇచ్చేశారు, సంపాదకుడి కుర్చీలో బిల్డ్ సంపాదకుడు కాయ్ డీక్‌మన్. అంతకు ముందు ఏడాదే అతని మీద ఒక బూతు వ్యంగ్యం వేస్తే అతను కోర్టుకి వెళ్లాడు. 2009లో అదే మనిషి వాటా కొనుక్కుని టాట్స్ సహకార సంఘంలో సభ్యుడయ్యాడు! బద్ధశత్రువు కూడా డబ్బు కట్టొచ్చు, ఒక ఓటు తీసుకోవచ్చు, రేపటి పేజీని మాత్రం ముట్టుకోలేడు. కంచె ఎంత గట్టిదో శత్రువు వచ్చి ఊపితేనే తెలుస్తుంది.

2020లో పోలీసుల్ని కించపరుస్తూ ఒక కాలమ్ వచ్చింది. హోం మంత్రి కేసు పెడతానన్నాడు, పెట్టలేదు. జర్మన్ ప్రెస్ కౌన్సిల్ అది అభిప్రాయ స్వేచ్ఛ కిందికే వస్తుందని తేల్చింది. ఆ కాలమ్ నాకు నచ్చలేదు, మనుషుల్ని చెత్తతో పోల్చడం ఎవరు చేసినా నాకు నచ్చదు. పత్రికలో పనిచేసేవాళ్లలోనే చాలామందికి నచ్చలేదు, వాళ్లు అదే పత్రికలో ఆ కాలమ్‌ని తిడుతూ రాశారు. కంపోజర్ల బ్రాకెట్లు పోయినా ఆ అలవాటు పోలేదన్నమాట.

అయితే ఒక ప్రశ్నకి వీళ్ల దగ్గరా జవాబు లేదు. ఉద్యమంలో ఉన్నవాడి దగ్గర డబ్బు ఉండదు, డబ్బు కట్టగలిగినవాడు ఉద్యమంలో ఉండడు. ఇల్లు ఖాళీ చేయిస్తున్నారని రోడ్డెక్కిన మనిషి 500 యూరోల వాటా కొనడు. కొనేది చదువుకున్న, ఉద్యోగం ఉన్న, చాలాసార్లు జుట్టు నెరిసిన పాఠకుడు. పత్రిక ఎవరి కోసం పుట్టింది, ఎవరి డబ్బుతో బతుకుతోంది అన్న రెండూ ఏళ్లు గడిచేకొద్దీ దూరం జరుగుతాయి. తగ్గింపు ధర కొంత అతుకు వేస్తుంది, పూర్తిగా వెయ్యలేదు. జీతాలు తక్కువ, అదీ నిజం. అక్కడ పని నేర్చుకున్న కుర్రాళ్లు పెద్ద పత్రికలకి వెళ్లిపోతారు. ఆదర్శం కోసం తక్కువ జీతానికి పనిచెయ్యమనడం దోపిడీ అవునా కాదా అని అడిగితే, ఉచితంగా అడ్రసులు రాసిన నేను ఏం చెప్పను, అప్పుడు నాకు సంతోషంగానే ఉండేది.

2025 అక్టోబరు 17న టాట్స్ వారపు రోజుల్లో అచ్చు వెయ్యడం ఆపేసింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఫోన్లో, కంప్యూటర్లో చదువుకోవాలి, వారాంతపు సంచిక ఒక్కటే కాగితం మీద వస్తుంది. దీని గురించి 2018 నుంచే చెబుతూ వచ్చారు, ఊరూరా పంచే ఖర్చు పెరుగుతోంది, కాగితం చందాలు తగ్గుతున్నాయి, దాచకుండా లెక్క చెప్పి సభ్యులని సిద్ధం చేశారు. గొంతు మీదికి వచ్చాక ఏడుస్తూ మూసెయ్యడం కంటే ఇది మేలు. కాగితం పోయిందని బాధపడేవాళ్లలో నేనూ ఉన్నాను, కానీ ఏడేళ్ల ముందు చెప్పి మరీ కాగితం ఆపిన పత్రికని నేను ఇంకోదాన్ని చూడలేదు.

మా పత్రిక సంగతి సగంలో వదిలేశాను. ఆయన సంచిక వెనక్కి ఇచ్చిన రాత్రి మేం నలుగురం కూర్చున్నాం. ఆయన జవాబు రాస్తే పూర్తిగా వేద్దాం, వ్యాసం మాత్రం వెనక్కి తీసుకోవద్దు అని ఒకమ్మాయి అంది. ఆమె మాట మేం వినలేదు. ఆయన తెచ్చిపెట్టే చందాలు మొత్తంలో ఐదో వంతు ఉంటాయని లెక్క వేసింది నేనే. తర్వాతి సంచికలో "ఆ వ్యాసంలోని అభిప్రాయాలు తొందరపాటువి" అని పెట్టె కట్టి వేశాం. ఆయన సంతోషించి ఇంకో ఇద్దరి చేత చందా కట్టించాడు, ఆ రసీదులు రాసిందీ నేనే. ఆ అమ్మాయి రావడం మానేసింది. ఏడాదిన్నర తర్వాత పత్రిక ఎలాగూ ఆగిపోయింది.